ఏమీ చేయని ఇళ్ళు

శ్రీసత్యకు ఆ కల మధ్యాహ్నాలే వచ్చేది. టిఫిన్ డబ్బా మూతపెట్టి, కిటికీ పక్కన కుర్చీలో తల వెనక్కి వాల్చిందంటే చాలు, ఇసక మీద ఒక ఊరు లేచి నిలబడేది. వరసగా ఇళ్ళు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉండేవి. ఏ ఇంట్లోనూ ఎవరూ ఏ పనీ చేస్తూ కనిపించేవారు కాదు. పొయ్యి వెలగదు, చీపురు కదలదు. పిల్లలు మాత్రం బొద్దుగా, నిండుగా, చాపల మీద హాయిగా నిద్రపోతూ ఉండేవారు. ఆమె ఒక్కో గుమ్మంలో నిలబడి, మీరేం చేస్తారని అడిగేది. లోపలి నుంచి ఎవరో మగతగా, ఏమీ చెయ్యమని జవాబు చెప్పేవారు. అంతటితో మెలకువ వచ్చేసేది. కిటికీ బయట, రేవులోకి పిలుపు రాని ఓడలు ఎండలో అలాగే నిలబడి ఉండేవి.

కలల గురించి ఆలోచించే మనిషి కాదు శ్రీసత్య. లెక్కల మనిషి. వయసు ముప్ఫై ఒకటి. చిన్నప్పుడే ఉక్కునగరం క్వార్టర్లకు వచ్చి అక్కడే పెరిగింది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, పిల్లల జబ్బులు రాకముందే ఆపడం ఎలాగో పరిశోధించే ఒక ప్రాజెక్టు ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చి వచ్చేసరికి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని, సంతకం పడేదాకా అన్నం సయించక తిరిగేది.

ఆ ఏడు, అంటే రెండువేల ఏడులో, ఆఫీసు పెద్ద డాక్టర్ గురునాథరావు ఒక కొత్త పని తలకెత్తుకున్నాడు. వానాకాలంలో తీరం పొడుగునా పిల్లలకు వాంతులూ విరేచనాలూ వస్తాయి. రాకుండా ఆపడానికి మూడు దారులు ఉన్నాయి. చేతులకు సబ్బు ఒకటి, నీళ్ళలో క్లోరిన్ బిళ్ళ ఒకటి, మూతా కింద కుళాయీ ఉన్న మట్టికుండ ఒకటి. ఈ మూడింట్లో ఏది మేలు? చెప్పేవాడు లేడు. ఎందుకంటే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడే లేడు. ఒకచోట సబ్బు ఇచ్చిన ఇళ్ళనీ ఏమీ ఇవ్వని ఇళ్ళనీ పోల్చారు. ఇంకోచోట బిళ్ళలిచ్చిన ఇళ్ళనీ ఏమీ ఇవ్వని ఇళ్ళనీ పోల్చారు. ఎవరి ఊరు వారిది, ఎవరి లెక్క వారిది.

అయినా అన్నింట్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటుంది. ఆ ఏమీ ఇవ్వని ఇళ్ళు. దాన్ని మధ్యలో పెట్టుకుంటే, ఎప్పుడూ ఎదురుపడని సబ్బునీ కుండనీ కూడా పోల్చేయవచ్చు. నెట్‌వర్క్ మెటా ఎనాలిసిస్ అని దాని పేరు. మనలో మాట, మొదటిసారి విన్నప్పుడు శ్రీసత్య కూడా ముక్కున వేలేసుకుంది. తరవాత దానితో ప్రేమలో పడింది. గోడ మీద పెద్ద కాగితం అంటించి నాలుగు సున్నాలు చుట్టింది. చుట్టూ మూడు, మధ్యలో ఒకటి. మధ్యదాని మీద "ఏమీ లేదు" అని రాసింది. పదహారు అధ్యయనాలకు పదహారు గీతలు గీసింది. సబ్బుకీ బిళ్ళకీ గీతలు గుత్తులుగా వచ్చాయి. కుండకు వచ్చింది ఒక్కటే గీత. అది తొంభై ఎనిమిదిలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, భీమిలి దాటాక ఉన్న నీలమ్మపాలెంలో ఆమె తన చేతులతో చేసిన అధ్యయనం.

లెక్క తేలింది. బిళ్ళ మొదటిది, సబ్బు రెండోది, కుండ ఆఖరు. కుండకీ ఏమీ లేకపోవడానికీ తేడా లేదని కంప్యూటరు తీర్పు చెప్పింది. ప్రాజెక్టుకు సాయం చేస్తున్న సంస్థవారు మొదట నిలిచినదాన్ని నలభై పల్లెలకు ఐదేళ్ళపాటు ఇస్తామన్నారు. ఆఖరున నిలిచినదాన్ని ఆపేస్తామన్నారు. కుండలు అందుతున్న ఊరు నీలమ్మపాలెం ఒక్కటే. ఇన్నాళ్ళూ సాయం అందుకున్న ఊరు కాబట్టి ఆ నలభైలో దాని పేరు లేదు. సోమవారం మీటింగులో సంతకాలైతే నూట నలభై గడపలకు కుండా ఉండదు, బిళ్ళా రాదు. ఆ ఊళ్ళో శ్రీసత్య తొమ్మిది నెలలు అన్నం తింది. ఆ గడపల్లో సగం మంది పేర్లు ఆమెకు ఇప్పటికీ నోటికి వస్తాయి.

బాధ ఉంది సరే, బాధతో లెక్క మారదు. ఆమెను కుదురుగా కూర్చోనివ్వనిది వేరే ఒకటుంది. మిగతా ఊళ్ళలో ఏమీ ఇవ్వని ఇళ్ళల్లో వందమంది పిల్లలకు ఇరవై ఎనిమిదిమందో ముప్ఫైమందో జబ్బుపడ్డారు. నీలమ్మపాలెంలో ఏమీ ఇవ్వని ఇళ్ళల్లో తొమ్మిదిమందే. నీళ్ళలో బిళ్ళలు వేసిన ఊళ్ళకన్నా తక్కువ. ఏమీ చేయకుండా ఇంత ఆరోగ్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? గురునాథరావును అడిగితే, సముద్రపు గాలి మంచిదేమోనమ్మా, మనం కూడా రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకుందామని నవ్వేశాడు. చిన్న ఊరు, కొద్దిమంది పిల్లలు, అదృష్టం కలిసొచ్చి ఉంటుందని సర్దిచెప్పాడు. ఆయన మంచివాడే. కంప్యూటరుకు మాత్రం మంచీచెడూ లేదు. ఒక్కో ఊళ్ళో తేడా ఎంతో చూసుకుంటుంది, ఆ తొమ్మిదిని చూసి ఆశ్చర్యపోదు.

ఆశ్చర్యపోయే పని శ్రీసత్యకు పడింది. శనివారం ఉదయం ఉక్కునగరం సెక్టారు బయట బస్సెక్కి, బస్ కాంప్లెక్సులో దిగి, భీమిలి బస్సు పట్టుకుంది. సెప్టెంబరు వాన రెండు రోజుల కిందటే వెలిసింది. కుడివైపు కిటికీలో సముద్రం బస్సుతోపాటే నడుస్తూ వచ్చింది. ఋషికొండ దాటకముందే కళ్ళు మూతపడ్డాయి. మళ్ళీ అదే ఊరు, అవే తలుపులు. ఈసారి ఆమె లోపలికి చూడలేదు, కిందకి చూసింది. ప్రతి గుమ్మం ముందూ ఇసక తడిగా, నల్లగా ఉంది. వాన లేదు, అల రాలేదు, అయినా తడి. దాని మీద కాలు పెట్టబోతుంటే కండక్టరు భుజం తట్టి భీమిలి వచ్చిందన్నాడు.

ఆటో దిగి ఊళ్ళోకి నడుస్తుంటే ఆ తడి ఎక్కడిదో గుర్తొచ్చింది. కల్పించుకున్నది కాదు. తొమ్మిదేళ్ళ కిందట తొమ్మిది గంటల బస్సుకు వచ్చి ఫారాలు పట్టుకుని తిరిగేటప్పుడు కొన్ని గుమ్మాల ముందు ఇసక తడిగా ఉండేది. కళ్ళాపి అనుకుంది. అందరి గుమ్మాల ముందూ ఎందుకు లేదని ఆలోచించలేదు. ఇప్పుడు చూస్తే దారిలో ఏ గుమ్మం ముందూ తడి లేదు.

తాటిచెట్ల నీడలో పాత పరిచయస్తుడు సూరన్న వల బాగు చేసుకుంటున్నాడు. అరవై దాటినా చేతులు సూదిలా పరిగెడుతున్నాయి. అతని భార్య గంగాలమ్మ ఊళ్ళో కుండల కుళాయిలు చూసే మనిషి. చెడిపోయినదానికి వాషరు మార్చడం, పగిలినదానికి సంస్థ నుంచి కొత్తది తెప్పించడం ఆవిడ పని. ఏదో ఇంట్లో కుళాయి కారుతోందని వెళ్ళిందట, కూర్చోమన్నాడు సూరన్న. సంచీలోంచి తొంగిచూస్తున్న కాగితం ఏమిటని అడిగాడు. శ్రీసత్య సున్నాల బొమ్మ ఇసక మీద పరిచి, నాలుగు గులకరాళ్ళు బరువు పెట్టి, తనకు చేతనైనట్టు చెప్పింది. సూరన్న వల ఒళ్ళో పెట్టుకుని వంగి చూశాడు.

"అంటే ఏటంతన్నావ్? మా కొడుకు మోహన్ నావా గురువులు బావ నావా ఎప్పుడూ పోటీ పడ్నేదు. రెండూ నా నావతో పడ్డాయి. మోహన్ నన్ను దాటేసినాడు, గురువులు బావ నాతో సమంగొచ్చినాడు. కాబట్టి మోహన్ నావే జోరు. అంతేనా?"

అంతేనంది శ్రీసత్య. ఆఫీసులో రెండు రోజులు పట్టిన పాఠం ఈయనకు రెండు నిమిషాలు పట్టిందని మనసులో అనుకుంది.

"మరి ఆ రెండ్రోజులూ గాలొకటేనా?" అన్నాడు సూరన్న. "మోహన్‌తో పడ్డనాడు నాను తెరసాప ఎత్తనేదేమో. గురువులు బావతో పడ్డనాడు ఎత్తినానేమో. పైకి సూత్తే రెండూ నా నావే."

అని మళ్ళీ వల అందుకున్నాడు. శ్రీసత్య చూపు కాగితం మధ్యనున్న సున్నా మీద ఆగింది.

గంగాలమ్మ వచ్చింది. సత్తెమ్మా, చిక్కిపోయావేటని బుగ్గలు నిమిరింది. చేపల పులుసు, అన్నం పెట్టింది. శ్రీసత్య చెయ్యి కడుక్కుని అప్పుడు అడిగింది. ఆ రోజుల్లో కుండ ఇవ్వని ఇళ్ళల్లో నీళ్ళకి ఏం చేసేవారని. ఏటీ సేసేవోళ్ళం కాదు, మామూలేనంది గంగాలమ్మ. ఫారంలో కూడా రెండు వందలసార్లు అదే జవాబు ఉంది. శ్రీసత్య ఈసారి ప్రశ్న మార్చింది. గుమ్మం ముందు తడి ఎందుకుండేదని అడిగింది.

గంగాలమ్మ నవ్వింది. అదా, అది మొక్కు కదా అంది. మగాడు తెల్లారకుండా సముద్రం మీదకి వెళ్తాడు. నావ అలలు దాటేలోగా ఆడమనిషి ఇంట్లో కడవ ఎత్తి, రాత్రి నీళ్ళన్నీ గుమ్మం ముందు పారబోసెయ్యాలి. ఒక్క చుక్క కూడా మిగల్చకూడదు. కడవను ఇసకతో తోమి, బోర్లించి, ఎండ తగిలాక ఊరి వెనక చెలమ దగ్గరకు పోయి కొత్త నీళ్ళు తేవాలి. రాత్రంతా ఇంట్లో ఉన్నవి నిద్దరోయిన నీళ్ళు. అవి ఇంట్లో ఉండగా మనిషి సముద్రం మీద ఉంటే నావకు నిద్ర పడుతుంది, దారి మర్చిపోతుంది. తన అత్త చేసింది, అత్తకు అత్త చేసింది. గంగాలమ్మ పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచే చేసింది.

శ్రీసత్యకు లెక్క గుర్తొచ్చింది. తొమ్మిదిమంది. ప్రతిరోజూ తోమిన కడవ, ఎండ తగిలిన కడవ, ఒక్క రోజుకు మించి నిలవని నీళ్ళు. ఏమీ చేయని ఇళ్ళు ఆ తీరంలో అందరికన్నా ఎక్కువ చేశాయి. కుండ పోటీ పడింది ఖాళీ చేతులతో కాదు, ఈ మొక్కుతో.

"మరి నేను అడిగినప్పుడు చెప్పలేదేమమ్మా?"

"అది నీళ్ళకి సేసే పని కాదు కదమ్మా. సముద్రం మీద మడిసికి సేసే పని. నువ్వు నీళ్ళ గురించి అడిగినావు."

ఇప్పుడు గుమ్మాలు పొడిగా ఉన్నాయేమని అడగడానికి శ్రీసత్యకు భయం వేసింది. అయినా అడిగింది. జవాబు సగం ఆమెకు తెలుసు.

"నువ్వే సెప్పినావు కదా. మంచినీళ్ళు పారబొయ్యకండి, ఈ కుండలో మూడ్రోజులైనా పాడవ్వవని. సదువుకున్న పిల్ల సెప్పిందని ఒగ్గేసినాం."

ఆ మాట డాక్టర్లు ఇచ్చిన కాగితంలో లేదు. శ్రీసత్య తన సొంతంగా కలిపింది. ఆమె చిన్నప్పుడు ఉక్కునగరం క్వార్టర్లలో కుళాయి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వచ్చేది. గోదావరి గట్టున పుట్టి, ఉక్కు ఫ్యాక్టరీలో పనికని భర్త గవర్రాజు వెంట వచ్చిన ఆమె తల్లి భ్రమరాంబ, గిన్నెలూ చెంబులూ చివరికి పప్పు డబ్బాలు కూడా నింపుకునేది. ఒక గ్లాసు పారబోస్తే పిల్లల చెయ్యి వాచిపోయేది. అంత భక్తిగా నేర్చుకున్న మాటను శ్రీసత్య ఇరవై రెండేళ్ళ వయసులో ఈ ఊళ్ళో గుమ్మం గుమ్మానికీ పంచిపెట్టింది. మంచి చేస్తున్నాననుకుని చేసింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

గంగాలమ్మ మిగతాది మామూలుగానే చెప్పుకుపోయింది. అధ్యయనం అయిపోయాక కుండలు అందరికీ ఇచ్చారు కదా, దాంతో ఊరంతా మొక్కు మానేసింది. ముసలమ్మ అని ఆ చివరింటావిడ ఒక్కతే ఇంకా పోస్తోంది. కోడళ్ళకు తెలియనే తెలియదు. కుళాయి విరిగిన ఇళ్ళల్లో మూత తీసి గ్లాసు ముంచుకుంటున్నారు, నీళ్ళు మూడు రోజులుంచుతున్నారు. నిరుడు వానల్లో ఏడుగురు పిల్లల్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అందులో ఒకడు తిరిగి రాలేదు. మోహన్ భార్య సూర్యకళకు ఇప్పుడు ఆరు నెలల పాప. వాకిట్లో ఉయ్యాల ఊగుతూ ఉంది. అందులోంచి చిన్న పాదం ఒకటి బయటికి వేలాడుతోంది. శ్రీసత్య దాన్ని చూస్తూ ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రం గురునాథరావు ఇంటికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. లెక్క తప్పు కాదన్నాడు. మధ్యలో ఉన్న సున్నా ఒకటి కాదు, రెండు, వాటిని మనం ఒకటని చుట్టామన్నాడు. నీలమ్మపాలెం గీతను అక్కణ్ణుంచి తీసేస్తే కుండ ఆఖరుదీ కాదు, మొదటిదీ కాదు, దేనితోనూ ముడి లేకుండా విడిగా నిలబడుతుంది. దాన్ని దేనితోనూ పోల్చలేం.

"చెప్పకపోతే ఎవరికీ తెలియదు," అన్నాడాయన. "చెబితే, తప్పు నీదని చెప్పాలి. మార్చిలో సంతకం పెట్టేవాళ్ళ ముందు చెప్పాలి. నేను చెప్పమనీ అనను, వద్దనీ అనను."

సోమవారం మీటింగులో ఆమె లేచి చెప్పింది. ఫారంలో తాను "ఏమీ లేదు" అని రాసినచోట ఏముందో చెప్పింది, దాన్ని ఆపించింది తానేనని కూడా చెప్పింది. కుండల సరఫరా ఉంచమని, ఈసారి కుండనీ బిళ్ళనీ పారబోతనీ ఒకే ఊళ్ళో పక్కపక్కన పెట్టి చూద్దామని బతిమాలింది. సంస్థవారు మర్యాదగా విన్నారు. తేలని సంగతులకు ఇచ్చే పద్దు తమ దగ్గర లేదన్నారు. నలభై పల్లెలకు బిళ్ళలు ఖాయమయ్యాయి. నీలమ్మపాలేనికి కుండలు ఆ నెలాఖరుతో ఆగిపోయాయి. ఐదో సున్నా చుట్టకుండా ఆ పత్రం మీద తన పేరు వెయ్యనని గురునాథరావు ఒక్కడే అన్నాడు. ఆ ఐదో సున్నాకు ఏం పేరు పెట్టాలో ఇద్దరికీ తోచలేదు. ఊళ్ళో అనే మాటే రాశారు, రోజూ పారబోత అని.

ఊరికి ఈ కబురు ఉత్తరంలో పంపడం శ్రీసత్యకు మనసొప్పలేదు. తరవాతి శుక్రవారం వెళ్ళి గంగాలమ్మ ఇంట్లో పడుకుంది. తెల్లవారుజామున లేచేసరికి ఊరంతా పాలపొగలో తేలుతున్నట్టుంది. సముద్రం కనపడదు, చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. మగవాళ్ళు నావలు తోస్తూ పాడే హుషారు మాటలు దూరం నుంచి నిద్రలో విన్నట్టు వస్తున్నాయి. ఆడవాళ్ళు గట్టు మీద చేరారు. ఇరవైమందో ముప్ఫైమందో. శ్రీసత్య వాళ్ళ మధ్య నిలబడి, కుండలు ఇక రావని చెప్పింది. అప్పట్లో తాను చెప్పింది తప్పని చెప్పింది. మీ అత్తలు చేసిన పని మళ్ళీ చెయ్యమని, కుళాయి కుండైనా సరే, కడవైనా సరే, రోజూ పారబోసి తోమమని అడిగింది. ముసలమ్మ, తొమ్మిదేళ్ళు నాను పిచ్చిదాన్నన్నారు వీళ్ళని గొణుక్కుంటూ తన ఇంటికి నడిచింది.

సూర్యకళ కదల్లేదు. పాపను భుజాన వేసుకుని, పక్కనే ఉన్న తమ గుమ్మంలో నిలబడి ఉంది. లోపల విరిగిన కుళాయికి గుడ్డ కుక్కిన కుండా, దాని పక్కన నిండు కడవా ఉన్నాయి. శ్రీసత్య దగ్గరకు వెళ్ళింది.

"అప్పుడు మా అత్తోళ్ళకి పారబొయ్యద్దని సెప్పినావంట," అంది సూర్యకళ. కోపంగా అనలేదు. "ఇప్పుడు పారబొయ్యమంతన్నావ్. ఈపాలి సెప్పిందైనా నిజమేనా?"

ఈ ప్రశ్నకు ఏ కాగితంలోనూ జవాబు లేదని శ్రీసత్యకు తెలుసు. అవునని చెప్పడం తేలిక. ఆ తేలిక మాట ఆమె ఒకసారి చెప్పేసింది.

"నాకు పూర్తిగా తెలీదమ్మా," అంది. "మీకు తెలిసిన పనిని నేను అడక్కుండా ఆపించాను. అది మాత్రం తప్పని తెలుసు. వానలు వెళ్ళేదాకా వారం వారం వస్తాను. పిల్లలందరినీ చూస్తాను. ఇది కూడా తప్పయితే నేనే వచ్చి చెప్తాను."

సూర్యకళ ఆమె ముఖంలోకి చూసింది. బయట నావలు ఒక్కొక్కటే అలలు దాటి పొగమంచులో కలిసిపోతున్నాయి, ఎవరిది వెళ్ళిందో ఎవరిది వెళ్ళలేదో తెలియడం లేదు. మోహన్ గొంతు ఒకసారి వినిపించి ఆగిపోయింది. సూర్యకళ అటు చెవి పెట్టి విని, ఒక్క అడుగు ముందుకు వేసి, భుజం మీది పాపను తీసి శ్రీసత్య చేతుల్లో పెట్టింది.

"పట్టుకో," అంది. "కడవకి రెండు సేతులూ కావాల."

పాప తల ఇంకా నిద్రలోనే పక్కకు వాలి, శ్రీసత్య మెడ వంపులో ఆగింది. వెచ్చగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. వెనక నీళ్ళు ఇసకలో పడ్డ చప్పుడు వినిపించింది. శ్రీసత్య తిరిగి చూడలేదు. పాప లేస్తుందేమోనని కదలకుండా నిలబడింది.